ఏం లేదులే

బట్టలు ఆరేస్తుంటే పొత్తికడుపులో మళ్ళీ మెలిపెట్టింది. ఆమె తీగ పట్టుకుని నిలబడిపోయింది. "ఏమైందే?" అన్నారు అత్తగారు కుర్చీలోంచి కదలకుండానే. "ఏం లేదులే అత్తయ్యా, కాస్త నీరసం." లోపల్నించి మొగుడుగారి గొంతు: "దానికెప్పుడూ ఉండేదేగా. నా నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?" అయింది. కాకుండా ఎలా ఉంటుంది! గర్భసంచిలో గడ్డ పెరుగుతోందనీ, ఇంక ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుందనీ డాక్టరమ్మ చెప్పి వారమైంది. సోమవారం ఆపరేషన్ అని ఖాయం కూడా చేసేసింది. ఇంట్లో ఎవరికీ తెలీదు. చెబుదామని నోరు తెరిచిన ప్రతిసారీ ఏదో ఒక పని అడ్డొస్తోంది, లేదా అడ్డొచ్చిందని తనే సర్దిచెప్పుకుంటోంది.

ఆఫీసులో ఆమెది కంప్యూటర్ మీద పైథాన్ భాషలో రాసే పని. ఆసుపత్రివాళ్ళకి మందుల మోతాదు లెక్కకట్టే ప్రోగ్రాం రాస్తోంది. ఆ రోజు టీమ్ లీడర్ మేడమ్ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది.

"రోగి వయసు ఇవ్వకపోతే లెక్క ఆగిపోయేలా ఎర్రర్ రైజ్ చేశావు, బానే ఉంది. మళ్ళీ ఆ కిందే నువ్వే దాన్ని పట్టేసుకుని, ఆగకుండా చేశావు. 'చిన్న పొరపాటు, ఫరవాలేదు' అని మెసేజ్ పెట్టి, వయసు ముప్పై అనుకుని లెక్క కానిచ్చేశావు. రేపు ఆ మంచం మీద పసిపిల్ల ఉంటే?"

ఆమె ఆ వరస మళ్ళీ చదువుకుంది. "మధ్యలో ఆగిపోతే అందరికీ ఇబ్బంది కదా మేడమ్..."

"ఆగనీ. ఏం లోపించిందో పేరు పెట్టి రాయి, అక్కడితో నీ పని అయిపోయింది. దాన్ని పట్టుకుని ఏం చెయ్యాలో చూసుకోవడం నీ ఈ ఫంక్షన్‌ని, ఈ లెక్క ముక్కని, పిలిచి వాడుకునేవాళ్ళ బాధ్యత."

రాసింది. 'రోగి వయసు ఇవ్వలేదు. వయసు లేకుండా మోతాదు చెప్పడం కుదరదు.' వయసు గడి ఖాళీగా వదిలి నడిపి చూస్తే ప్రోగ్రాం టక్కున ఆగి, ఎర్రటి అక్షరాల్లో ఆ మాటే చెప్పింది. క్షమించమనలేదు, నసగలేదు. చూస్తూ కూర్చుంటే ఆమెకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో తను అంత సూటిగా ఒక్క ముక్కన్నా అన్నదా? ఎవరో నోరు నొక్కారనుకుంది ఇన్నాళ్ళూ. సగం నొక్కింది తనే. ఆ సంగతి తలుచుకుంటే ఇంకా బాధేసింది.

సాయంత్రం అందరూ భోజనాలకి కూర్చున్నాక చెప్పేసింది. "నాకు గర్భసంచిలో గడ్డ ఉంది. సోమవారం ఆపరేషన్. నెల్లాళ్ళు ఏ పనీ చెయ్యకూడదు."

అత్తగారు కొడుకు మొహం చూశారు. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నెల్లాళ్ళా! మరి వంటో? అమ్మ మందులో?"

నొప్పిగా ఉందా అని అడుగుతారేమోనని ఆమె కాసేపు ఎదురుచూసింది. అడగలేదు. ఆయన ప్రశ్నకి మాత్రం ఆమె దగ్గర జవాబుంది. వంటకి ఎవర్ని పిలవాలో, మందులు ఏ వేళకి ఏవో, అన్నీ నాలిక చివరే ఉన్నాయి.

"నాకు తెలీదు," అంది.