సీను బరుత్తా?

తెనాలి నుంచి హూడిలోని మా ఫ్లాట్‌కి వచ్చిన మూడో రోజే అత్తయ్యకు ముక్కు మూసుకుపోయింది. నుదురంతా బరువు, నోటితో ఊపిరి. వారం రోజులు పసుపు వేసి ఆవిరి పట్టినా ముక్కు మొండికేసింది. సైనసేమోనని ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

ఈ పది రోజుల్లో అత్తయ్య నేర్చిన కన్నడం ఒక్క ముక్కే. "బరుత్తా?" అంటే "వస్తుందా?" అని. పాలు, నీళ్లు, లిఫ్టు, అన్నిటికీ అదే మాట.

నర్సు నేత్రావతి చీటీ తీసి, "అమ్మా, సీను బరుత్తా?" అని అడిగింది.

అత్తయ్య భగ్గుమన్నారు. "ఎక్కడమ్మా! ఇక్కడే, పక్కనున్న కె.ఆర్.పురంలోనే ఉంటాడు. నేనొచ్చి పది రోజులైంది. ఒక్కసారి తొంగి చూశాడా?"

సీను మా మరిది. కన్నడంలో మాత్రం సీను అంటే తుమ్ము. ఆ సంగతి వెంటనే చెప్పాల్సిందే. కానీ మరిదిగారి పరువు ఇంత చవగ్గా పోయే అవకాశం నాకు మళ్లీ దొరుకుతుందా?

ఆ కోపానికే కాబోలు, అత్తయ్య గది అదిరేలా తుమ్మారు.

"సీను బంతు!" అంది నర్సు, తుమ్మొచ్చిందని సంబరంగా.

అత్తయ్య ముక్కైనా తుడుచుకోకుండా తలుపు వైపు తిరిగారు.

"ఏడీ?"