వీధి చివరిదాకా

కారు ముందు చక్రం అప్పటికే ఊడి గోడకు ఆనుకుని ఉంది. బస్సు డిపోలో అందరూ పానా మావయ్య అని పిలిచే ఫిట్టరు, ఇంటి షెడ్డులో గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని బ్రేకు గొట్టం నట్టు మీద నూనె చుక్కలు వేస్తున్నాడు. తుప్పు నానాలి. తొందరపడితే విరుగుతుంది. ముప్ఫై ఏళ్ళు బస్సుల కింద పడుకున్న మనిషికి ఆ మాత్రం ఓపిక ఉంది.

కారు ఇంగ్లండులో పుట్టింది. పొట్టిది, ఆకుపచ్చది, పైకప్పు లేదు, సీట్లు రెండే. ఒక ముసలి డాక్టరుగారి గోదాములో ఏళ్ళ తరబడి మూలనపడి ఉంటే, ఆయన పోయాక కూతురు “తీసుకుపోండి, మీరైతే బాగుచేస్తారు” అంది. పోయిన వారం చేతి బ్రేకు పట్టుకుని, దారంతా పొగ పెట్టుకుంటూ ఇంటికి తోలుకొచ్చాడు. సొంతానికి సైకిలు తప్ప ఎరగని అతనికి ఆ రోజు కాళ్ళు నేలమీద ఆనలేదు.

వరండాలో భార్య తయారై కూర్చుంది. రేపు ఆమె గుండెకు ఆపరేషను. ఈ సాయంత్రం ఆమె తమ్ముడు వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తాడు. ఈలోగా ఈ బండిలో ఒక్కసారి వీధి చివరిదాకా తిప్పమని అడిగింది, అంతే. గాలికి జుట్టు రేగకుండా పొద్దున్నే తలకు నీలం స్కార్ఫు చుట్టి, గడ్డం కింద ముడి కూడా వేసుకుంది.

“బ్రేకు చూసి తిప్పుతా,” అన్నాడు.

“మీరు తోలుకొచ్చినప్పుడు లేని బ్రేకు భయం, నేనెక్కుతానంటే వచ్చిందా?”

“నా సంగతి వేరు.”

“అవును లెండి. మీ ప్రాణం కొట్లో దొరుకుతుంది.”

నట్టు వదిలింది కానీ గొట్టం పట్టుకోగానే విరిగింది. పెట్టెలో కొత్తది ఉంది, వేస్తే గంట పని. అతను వేయలేదు. ఎలాగూ విప్పాం కదా, గొట్టం పోయే దారంతా చూద్దామని పక్క సీటు ఊడదీశాడు. కింద రేకు పానాతో తడితే పొడిపొడిగా రాలింది. ఎలాగూ విప్పాం కదా అని రెండో సీటు, తర్వాత స్టీరింగు, ఆ తర్వాత పెట్రోలు ట్యాంకు.

ఊడిన సీటు వరండాలో పెడితే ఆమె కుర్చీలోంచి లేచి అందులోకి మారింది. కాళ్ళు చాపుకుని, “హారన్ కొట్టండి, ఆవిడ అడ్డమొస్తోంది,” అంటూ వీధిలో పోతున్న పొరుగావిడను చూపించింది. అతను నవ్వాడు. నవ్వుతూనే ఏడుపొచ్చి గబుక్కున కారు కిందికి దూరాడు.

తిప్పేస్తే ఆమె కోరిక తీరిపోతుంది. కోరిక తీరిన మనిషిని ఆసుపత్రికి పంపాలంటే అతనికి భయం. తిప్పాల్సింది మిగిలుంటే తిరిగి రాక తప్పదు కదా. పిచ్చి ఆలోచనేనని తెలుసు. అయినా ఇంకో బోల్టు విప్పాడు.

మధ్యాహ్నం దాటాక ఆమె “అయిందా?” అని అడగడం మానేసింది. అది అతనికి చురుక్కున తగిలింది. ఆదరాబాదరా కొత్త గొట్టం తీశాడు. నట్టు వంకరగా పడి మర ఎక్కలేదు. ఇంతలో వాకిట్లో కారు ఆగింది.

“బావా, టైమైపోయింది,” అన్నాడు బావమరిది.

ఆమె లేచింది. స్కార్ఫును ముడి విప్పకుండానే తలమీంచి వెనక్కి తోసి, “ఆసుపత్రికి ఇదెందుకు?” అని సీటులో పడేసింది. నూనె చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డ భర్తను చూసింది.

“బండి విప్పేస్తే నేను ఆగిపోతాననుకున్నారా?”

“నువ్వొచ్చేసరికి బిగిస్తా.”

“బిగించండి. నట్లు మాత్రం మిగల్చకండి.”

చేతులు కడుక్కుని వెనకే వస్తానన్నాడు. తమ్ముడి కారు వీధి చివరిదాకా వెళ్ళి మలుపు తిరిగింది. మసి వదిలేసరికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత సైకిలెక్కాడు.

మర్నాడు ఆపరేషను బల్లమీదే ఆమె ప్రాణం పోయింది.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక అతను వరండాలోకి వచ్చాడు. సీటు అక్కడే ఉంది. దాని మీద నీలం స్కార్ఫు, గడ్డం కింద వేసుకున్న ముడి ఇంకా అలాగే ఉంది.