అమ్మ ఎక్కగలిగే బండి

ధర్మారావు గారి వ్యాను మా గల్లీలోకి వచ్చినప్పుడు నేను గుమ్మం లోపలే ఉండి తలుపు సందులోంచి చూశాను. తెల్లది. చాలా పెద్దది. సూరత్‌లోని అమ్రోలిలో మా వరుస ఇళ్ల ముందు బైకులూ, బట్టల మూటలు మోసే టెంపోలూ ఆగుతాయి. అంత పెద్ద బండి మా ఇంటి ముందు, మా కోసమే ఆగడం అదే మొదలు.

ధర్మారావు గారు రైల్వేలో పనిచేస్తారు. బదిలీ అయిందని వ్యాను అమ్మేస్తున్నారు. టెంపో నడిపే అమ్మ తమ్ముడు లస్మయ్య మామ ఆ సంగతి తెలుసుకుని ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. బాపు మాత్రం మామకు ముందే ఒక్క మాట చెప్పాడు.

"మీ అక్క తనంతట తాను ఎక్కితెనే తీసుకుంట. లేకుంటె ఎంత మంచి బండైనా నాకద్దు."

పోయిన ఏడాది అమ్మ మెట్ల మీద జారిపడింది. ఆపరేషన్ తర్వాత ఎడమ మోకాలు వంగడం మానేసింది. ఆటోలో ఆ కాలు పట్టదు. ఒకసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఇద్దరు మగవాళ్లు చంకల కింద పట్టుకుని ఆమెను లోపలికి ఎత్తారట. ఇంటికి రాగానే, "నేనేమన్న బియ్యం బస్తానా? ఇగ నన్ను ఎవ్వలు ఎత్తద్దు" అందట. ఆ రోజు నుంచి ఎనిమిది నెలలు గల్లీ దాటలేదు. పదో తరగతి అయిపోయి నేను ఊరి నుంచి వచ్చేసరికి, అమ్మకు సూరత్ అంటే మా గుమ్మం నుంచి కుళాయి దాకానే.

ధర్మారావు గారు దిగి, పక్క తలుపు పట్టుకుని వెనక్కి తోశారు. అది మామూలు తలుపులా తెరుచుకోలేదు. గోడే జరిగిపోయి లోపల ఒక గది బయటపడినట్టు జరిగింది. నేను ఎప్పుడు గడప దాటానో నాకే తెలియదు. లోపల రెండు వరుసల సీట్లు, పెద్ద పెద్ద కిటికీలు. ఒక బండి లోపల అంత వెలుతురు ఉంటుందని నేను అనుకోలేదు.

"ఎక్కి చూడమ్మా," అన్నారు ధర్మారావు గారు. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"మా కోడలు నోరు ఊర్లనే మర్శిపోయి అచ్చింది సార్," అన్నాడు మామ. తర్వాత టైర్లు తట్టి, కిందికి వంగి చూసి, సీటు మీద చెయ్యి వేశాడు. "ఈ కవర్లు మీ పెండ్లప్పటియా?"

"రెండేళ్ల కిందట వేయించానయ్యా! ఇందులో ఏడుగురం షిరిడీ వెళ్లొచ్చాం. ఒకరి మోకాలు ఒకరికి తగల్లేదు."

"ఏసీ?"

"లేదు. కిటికీలున్నాయి కదా."

"కిటికీలు నా టెంపోకు గూడ ఉన్నయి సార్. వెనుక జాగంత గ్యాస్ సిలిండరే తిన్నది. సామాన్లు మా బావ నెత్తిన వెడ్తమా?"

"గ్యాసు మీద నడుస్తుంది కాబట్టే ఖర్చు తక్కువ. ఏదో ఒకటి వదులుకోవాలి మరి."

అంతలో అమ్మ ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో గోడ పట్టుకుని బయటికి వచ్చింది. మంచి చీర కట్టుకుంది. చుట్టుపక్కల గుమ్మాల్లో ఆడవాళ్లు నిలబడ్డారు. బాపు ముందు తలుపు తీసి, భుజం మీది తువ్వాలతో సీటు తుడిచాడు. పెద్దవాళ్లకు ముందు సీటు ఇవ్వడం మాలో మర్యాద. అమ్మను ఇంకో చోట కూర్చోబెట్టాలని ఎవరికీ తోచలేదు.

ఆ సీటు కిందే ఇంజను. అందుకే సీటు ఎత్తు. అమ్మ కడ్డీ పట్టుకుని కుడి కాలు పైన పెట్టింది. వంగని కాలు తలుపు అంచుకు తగిలి ఆగింది. దిగింది. మళ్లీ ఎక్కబోయింది. మళ్లీ తగిలింది. మూడోసారి మామ చేతులు వాటంతట అవే ముందుకు వచ్చాయి.

"అద్దు తమ్మీ," అంది అమ్మ. మామ చేతులు వెనక్కి తీసుకున్నాడు.

అమ్మ చెమట తుడుచుకుని నవ్వింది. "బండి మంచిగనే ఉన్నది సార్. నేనే మంచిగ లేను."

ఆ నవ్వు చూడలేక నేను తల దించుకున్నాను.

"మాకు కుదరది సార్," అన్నాడు బాపు. ధర్మారావు గారు వెళ్లి ఇంజను స్టార్టు చేశారు. మామ కిటికీ పట్టుకుని, "ఒక్క నిమిషం ఆగుండ్రి సార్!" అని అరుస్తున్నాడు.

పక్క తలుపు ఇంకా తెరిచే ఉంది. నా కళ్లు మధ్య సీటు మీద పడ్డాయి. అది మంచంలా పొడుగ్గా, అడ్డంగా ఉంది. అమ్మ మంచం ఎక్కడం నేను రోజూ చూస్తాను. డైరీలో కూడా రాసుకున్నాను. మంచానికి వీపు తిప్పి అంచున కూర్చుంటుంది. చేతుల మీద వెనక్కి జరుగుతుంది. వంగని కాలు నిటారుగానే వెంట వస్తుంది.

చెప్పాలి. కానీ కొత్తాయన ముందు, అంతమంది ముందు నా గొంతు లేవలేదు. లేచినా ఆ ఇంజను చప్పుడులో బాపుకు వినపడదు. ఇరవై ఏళ్లుగా నడిపే మరమగ్గాల చప్పుడు ఆయన చెవులను సగం తినేసింది. మగ్గాల షెడ్డులో ఎవరూ నోటితో మాట్లాడుకోరు, చేతులతోనే. ఇంట్లో కూడా బాపుతో మేం సగం మాటలు అలాగే మాట్లాడతాం.

నేను చెయ్యెత్తి అరచేతిని కిందికి దించాను. మిషన్ ఆపు. తర్వాత బొటనవేలిని భుజం మీదుగా వెనక్కి చూపించాను. వెనుక నుంచి రా. బాపు నా వైపు చూశాడు. నేను వ్యానుకు వీపు తిప్పి, కూర్చోబోతున్నట్టు వంగాను.

బాపు కళ్లు మారాయి. గబగబా వెళ్లి బండి ముందు నిలబడి అదే అరచెయ్యి దించాడు. ఏనాడూ షెడ్డు మొహం చూడని ధర్మారావు గారికి కూడా అర్థమైంది. ఇంజను ఆగింది.

నేను కుళాయి దగ్గరి పీట తెచ్చి పక్క తలుపు కింద వేశాను.

"వినోదా, అటు తిరుగు," అన్నాడు బాపు అమ్మతో.

"ఏంది? గంత పెద్దమనిషి బండికి వీపు జూపియ్యాల్నా? గిదేం మర్యాద?"

"మంచానికి రోజు జూపిస్తవు గద!"

గుమ్మాల్లో ఆడవాళ్లు పకపకా నవ్వారు. అమ్మ సిగ్గుపడుతూనే తిరిగింది. కుడి కాలు వెనక్కి పీట మీద పెట్టింది. ఎడమ కాలు దాని పక్కకు చేరింది. సీటు అంచు చేతికి అందింది. కూర్చుంది. రెండు చేతులూ ఆనించి ఒక జానెడు జరిగింది. ఆగి ఊపిరి పీల్చుకుంది. ఇంకో జానెడు. వంగని కాలు నెమ్మదిగా పీట వదిలి, అంచు దాటి, సీటు పొడవునా వచ్చి ఆనింది.

నవ్వులు ఆగిపోయాయి. ఎవరూ ఆమెను ముట్టుకోలేదు.

"ఏం జూస్తున్నరు? ఎక్కుండ్రి," అంది అమ్మ.

తాపీ వంతెన మీదికి రాగానే అమ్మ కిటికీకి మొహం ఆనించింది. కింద నది వెండి రేకులా పరుచుకుని ఉంది. నేనూ దాన్ని అంత పైనుంచి ఎప్పుడూ చూడలేదు. వంతెన దాటాక ధర్మారావు గారు బండి తిప్పబోయారు.

"సార్, డుమస్ సముద్రం దాక పోదాం," అంది అమ్మ.

"ఇది ఊరికే నడిపి చూడ్డానికే కదమ్మా!"

"గందుకే సార్. మంచిగ జూసే తీసుకోవాలె."

మామ నవ్వు ఆపుకోలేకపోయాడు. ధర్మారావు గారు బండిని ముందుకే పోనిచ్చారు.

డుమస్‌లో సముద్రం వెనక్కి వెళ్లి ఉంది. నల్ల ఇసుక కంటికి ఆనినంత దూరం తడిగా మెరుస్తోంది. భూమి అక్కడితో అయిపోయి, మిగిలిందంతా ఆకాశమే అనిపించింది నాకు. అమ్మ సీటు అంచుకు జరిగి, ముందు వంగని కాలు, తర్వాత రెండోది కిందికి దించి నిలబడింది. నిలబడి చాలాసేపు అలాగే చూసింది.

"బండి మాదే సార్," అన్నాడు బాపు, ఆమె వైపు చూస్తూనే.

అమ్మ ఆ మాట వినలేదు. కర్ర పట్టుకుని నీళ్ల వైపు నడక మొదలుపెట్టింది. మామ వెంట వెళ్లబోతే బాపు చొక్కా పట్టి ఆపాడు. మేం అక్కడే నిలబడి చూశాం. ఆమె వెనుక నల్ల ఇసుకలో ఒక అడుగు, పక్కన వంగని కాలు ఈడ్చిన ఒక గీత, మళ్లీ ఒక అడుగు, ఒక గీత, నీళ్ల దాకా పడుతూ పోయాయి.