దీనమ్మ పరిచిన జంపఖానా

నేను ఒక జంపఖానాను. ఎర్రచారలు, నీలిచారలు, ఇద్దరు పట్టుకుని దులపాల్సినంత బరువు. జైలులో ఒక ఖైదీ నన్ను మగ్గం మీద నేశాడు. తప్పు చేసినవాడి చేతుల్లో పుట్టి, క్షమించమని వేడుకునేవాళ్ళ మోకాళ్ళ కిందికి చేరాను. మనుషులకు ఇది వింతగా తోచదు. నాకు ఇప్పటికీ తోస్తుంది.

నన్ను కొన్నది రేపల్లె దగ్గర ఒక పల్లెలో వాక్యం చెప్పే ఏసురత్నం. దీపాలు పెట్టే వేళకు నన్ను పరిస్తే, పొలం నుంచి వచ్చినవాళ్ళంతా కాళ్ళు కడుక్కుని మోకరించేవారు. పాట ఎత్తుకునేది ఆయన కొత్తకోడలు దీనమ్మ. ఆమెకు చదువు రాదు. మామగారు చదువుతుంటే వింటూనే కీర్తనలు కంఠతా పట్టింది. పిల్లలు ప్రార్థన మధ్యలో నా మీదే కునుకు తీసేవాళ్ళు. ఆమెన్ అనగానే మాత్రం అందరికంటే ముందు లేచి అన్నానికి పరుగు!

మామగారూ, భర్తా పోయాక దీనమ్మ నన్ను చుట్టగా చుట్టి, వెంటబెట్టుకుని గుంటూరులో కొడుకు ప్రకాశం ఇంటికి వచ్చింది. అక్కడ ఆమెను ఎవరూ కష్టపెట్టలేదు. కోడలు సలోమి వేళకు మాత్రలిచ్చేది. గోడమీద వాక్యాల క్యాలెండరు కూడా ఉండేది, అందరూ తేదీ చూసుకోవడానికి. ప్రార్థన వేళకు మాత్రం ఎవరి పనులు వాళ్ళకుండేవి. దీనమ్మ నన్ను పూర్తిగా పరిచి, ఒక మూల ఒక్కతే మోకరించేది. మిగతా నేనంతా చల్లగా ఉండేదాన్ని.

"ఒక్కదానివే కదమ్మా, చిన్న చాప చాలదా? ఇంత బరువు ఎందుకు ఈడుస్తావ్?" అన్నాడు ప్రకాశం ఓసారి.

"మీరొస్తే ఎక్కడ కూర్చుంటార్రా?"

అతను ఫోను మోగిందని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

ఒక సాయంత్రం అతని కూతురు కెజియా గుమ్మంలో నిలబడింది. "నాయనమ్మా, నాకు దేవుడి మీద నమ్మకం ఉందో లేదో తెలీట్లేదు. ఊరికే వచ్చి కూర్చుంటే తప్పా?"

"నమ్మకం వచ్చాకే రమ్మని ఎవరన్నారే పిచ్చిపిల్లా? మీ తాత నిద్రొస్తున్నా కూర్చునేవాడు. రా."

"పరీక్షలు అవనీ, వస్తా."

పరీక్షలు అయ్యేలోగా దీనమ్మ పోయింది.

ఇంటివాళ్ళను ఓదార్చడానికి ఆదరణ కూడికకు వచ్చినవాళ్ళు నా మీద కూర్చుని, ఆమె భక్తిని మెచ్చుకుని, టీ తాగి వెళ్ళారు. తర్వాత నన్ను చుట్టి బాల్కనీలో వాషింగ్ మెషిన్ వెనక నిలబెట్టారు. సాయంత్రాలు వచ్చి పోయేవి. ఆ వేళకు నా నూలు పోగులన్నీ ఆమె మోకాళ్ళ కోసం ఎదురుచూసేవి. బట్టకు మరపు నేర్పేవాళ్ళు ఎవరూ లేరు.

ఒకరోజు కెజియా నన్ను లోపలికి ఈడ్చుకొచ్చి పరిచింది. మోకరించలేదు. బోర్లా పడుకుని ఏడ్చింది. అప్పుడే పని నుంచి వచ్చిన ప్రకాశం, చేతిలోని హెల్మెట్ కింద పెట్టాడు. తర్వాత మెల్లగా ఆమె పక్కన మోకరించాడు.

"ప్రభువా..." అన్నాడు. "ప్రార్థన ఎలా చెయ్యాలో మర్చిపోయానమ్మా."

"పోన్లే డాడీ. నాయనమ్మ ఏమని ప్రార్థన చేసేదో అది చెప్పు."

"ఒక్కొక్కళ్ళ పేరూ చెప్పేది. ఎవర్నీ వదిలేది కాదు. మా ఎద్దు పేరు కూడా."

కెజియా ఏడుపులోనే నవ్వింది. "ఎద్దుకి పేరేంటి?"

ఆ ఎద్దు సంగతి, దీనమ్మ కాపురానికొచ్చిన సంగతి, ఏసురత్నం సంగతి అతను చెప్పుకుంటూ పోయాడు. వంటింట్లో సలోమి స్టవ్ ఆపేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి నా అంచున కూర్చుంది.