రెండో తెర

ఈ ఇంట్లో ఏది పాడైనా మా ఆయన నోట వచ్చే మొదటి మాట ఒకటే. "నువ్వేం చేశావ్?" మిక్సీ మూత పగిలినా అదే, కుళాయి వాషరు అరిగినా అదే. ఆ ఆదివారం పొద్దున కంప్యూటరు తెర నల్లబడిందంటే హాల్లో పేపరు మడత విప్పుతూ అదే అన్నాడు. నేను చేసిందల్లా స్విచ్చి వేయడం.

తెర మీద కంపెనీ గుర్తు కనిపించింది. దాని కింద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. ఇక తెరుచుకుంటుందనగా తెర అమావాస్య అయిపోయింది. ఆపి మళ్లీ వేశాను. మళ్లీ గుర్తు, మళ్లీ చుక్కలు, మళ్లీ చీకటి. గడియారం పదిన్నర చూపిస్తోంది. పన్నెండింటికి దరఖాస్తు మూసేస్తారు. మా ఆఫీసులో కంప్యూటర్ల విభాగానికి ఇన్‌ఛార్జి పోస్టు అది. ఎంపికైతే ముందు మూడు నెలలు వేరే ఊళ్లో ట్రైనింగు. వారం రోజులుగా దొరికిన పావుగంటల్లో కాస్త కాస్త నింపుకుంటూ వచ్చాను. సర్టిఫికెట్లన్నీ ఈ కంప్యూటరు డబ్బాలోనే ఉన్నాయి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చెబితే ఏమవుతుందో తెలుసు. రెండేళ్ల కిందట ఇదే పోస్టు పడినప్పుడు చెప్పాను. మా ఆయన నవ్వాడు. "మొగాళ్లకే కొరుకుడుపడని పని, నీకెందుకా తలనొప్పి?" అన్నాడు. అత్తయ్య నవ్వలేదు. "మూడు నెలలంటే మాటలా? వాడికి చొక్కా ఎక్కడుంటుందో తెలీదు," అంది. నలభై ఆరేళ్ల మనిషికి తన చొక్కా ఎక్కడుందో తెలీకపోతే నా ఉద్యోగం ఎందుకు ఆగాలో ఆ పూట అడగాలని తోచలేదు. కాగితం చించి పారేశాను. ఆ సీట్లోకి ఒకాయన వచ్చాడు. మొన్న బదిలీ అయి వెళ్లేదాకా ఎక్కడ ఏ కంప్యూటరు మొరాయించినా కబురు నాకే వచ్చేది. "మేడమ్, ఒక్కసారి చూస్తారా, మీ చెయ్యి పడితే చాలు." నేను టేబుల్ కిందికి దూరి, దుమ్ము తిని, వైరు సరిచేసి లేచేదాన్ని. రిజిస్టరులో 'బాగుచేసినవారు' అన్న గడిలో ఆయన సంతకం పెట్టేవాడు. ఇంటికొస్తే నా బట్టలకంటిన దుమ్ము చూసి అత్తయ్య, "ఆఫీసుకెళ్లావా, గోడౌనుకెళ్లావా?" అనేది.

కీబోర్డు మీద పెద్దక్షరాల మీట నొక్కి చూశాను. చిన్న దీపం వెలిగింది. ఇంకోసారి నొక్కితే ఆరింది. అంటే లోపల ప్రాణం ఉంది. చెప్పిన మాట వింటోంది, పని చేస్తోంది, చేసేది ఎవరికీ కనిపించడం లేదంతే. ఇది నేనెరిగిన జబ్బే. అయినా వరస ప్రకారం వెళ్లాలి గనక కరెంటు తీసి, డబ్బా పక్క రేకు విప్పి, మెమరీ ముక్కని బయటికి లాగి దాని పళ్లని రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించాను. తెర వెనకాల వైరు పీకి పెట్టాను. తేడా లేదు.

"అయిందా?" హాల్లోంచి.

"చూస్తున్నా."

"మెకానిక్కుని పిలిస్తే పోయేది. అన్నిట్లో వేలు పెడతావ్."

"ఆదివారం రాడు."

"అయితే రేపు చూసుకోవచ్చులే. కాస్త టీ పెట్టు."

పెట్టాను. టీ మరిగేటప్పుడు వంటగట్టు మీద చేతులు ఆనించుకుని నిలబడితే, అక్కడే కూలబడి పడుకోవాలనిపించింది. పోతే పోయింది, ఏడాది తర్వాత మళ్లీ పడదా అనిపించింది. గ్లాసులు అందించి వచ్చేసరికి పదకొండుంబావు. నల్లటి తెర ముందు కూర్చుని, చీకట్లో అగ్గిపెట్టె వెతుక్కున్నట్టు పాస్‌వర్డు కొట్టాను. డబ్బా గరగరమంది. లోపలికి రానిచ్చిందని ఆ చప్పుడుని బట్టి తెలిసింది. తెర మాత్రం అలాగే ఉంది.

అప్పుడే అత్తయ్య సీరియలు కోసం టీవీ పెట్టింది.

"ఇదేంటే, టీవీలో నీ ఫొటో వచ్చింది?"

హాలుకీ ఈ గదికీ మధ్య ఉన్న కిటికీలోంచి చూశాను. టీవీ నిండా నా దరఖాస్తు. ఇస్త్రీ పెట్టెంత నా మొహం.

ముందురోజు, శనివారం, మా ఆయన స్నేహితులు ఆట చూడటానికి వచ్చారు. వాళ్లలో ఒకతను నా డబ్బా నుంచి ఈ కిటికీ గుండా టీవీకి వైరు లాగాడు. నేను మూడు విడతలు టీ పెట్టాను. బొమ్మ రెండో తెర మీద, అంటే టీవీలో మాత్రమే రావాలని పెట్టుకుని, ఆట చూసి, వెళ్లిపోయారు. వెనక్కి మార్చడం ఎవరికీ గుర్తు లేదు, ఆ వైరు సంగతి నాకూ తట్టలేదు. పొద్దుట్నుంచీ నా కంప్యూటరు ఆరిపోయి ఉన్న టీవీకి బొమ్మ పంపిస్తూనే ఉంది. ఇక ఆ పేజీ అంటారా, పని మధ్యలో ఎన్నిసార్లు లేవాలో తెలిసినదాన్ని గనక, తెరిచి వదిలేసినవి వాటంతటవే మళ్లీ తెరుచుకునేలా ఎప్పుడో పెట్టుకున్నాను.

అన్నీ నింపేసి ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఎంపికైతే మూడు నెలలు వేరే ఊళ్లో ఉండగలరా? అవును. కాదు. పక్కన రెండు ఖాళీ సున్నాలు. వారం నుంచీ అక్కడే ఆగిపోయాను.

మా ఆయన గ్లాసు కింద పెట్టి లేచాడు. "మళ్లీ మొదలెట్టావా? ముందది నీ తెర మీదికి మార్చుకో. తర్వాత కూర్చుని మాట్లాడదాం."

కూర్చుని మాట్లాడటమంటే ఏమిటో నాకు తెలుసు. ఆయన కూర్చుంటాడు, ఆయనే మాట్లాడతాడు, పన్నెండు దాటుతుంది.

రెండు మీటలు కలిపి నొక్కితే బొమ్మ నా గదిలోకి వచ్చేస్తుంది. వేళ్లు అలవాటుగా వాటి మీదికి వెళ్లాయి. వెనక్కి తీసుకున్నాను. కిటికీ రెక్క పూర్తిగా తెరిచి మౌసు పట్టుకున్నాను. అవతల టీవీలో బాణం కదిలింది.

అత్తయ్య కళ్లజోడు సవరించుకుని కూడబలుక్కుంటూ చదివింది. "ఉండ... గలరా... ఎవర్నే అడుగుతున్నారు?"

"నన్నే, అత్తయ్యా."

ఆమె కొడుకు వైపు చూసింది. నా వైపు చూసింది. "మరి వాడి చొక్కాలో?"

"బీరువాలో పైనుంచి రెండో అరలో ఉంటాయి," అని, 'అవును' పక్కనున్న సున్నాని నొక్కి, దాని కిందున్న 'పంపండి' కూడా నొక్కాను.