దాలిబోర్ చేసిన కడుగుడు మెషీన్

బీరు కాచడమంటే కాచేది రెండు వంతులు, కడిగేది ఎనిమిది వంతులు. ఈ సంగతి తాగేవాళ్ళకు తెలియదు, కాచేవాళ్ళు చెప్పరు. దాలిబోర్ పద్నాలుగేళ్ళుగా ఆ ఎనిమిది వంతులూ మోస్తున్నాడు. మిగతా రెండూ, వాటితో వచ్చే పేరూ అతని బావమరిది రదోవాన్‌వి.

బెచ్వా ఏటికి ఇవతల రదోవాన్ ఇల్లు. ఆ ఇంటి వెనక పూర్వం బట్టలుతుక్కునే గదిలో వాళ్ళ సరంజామా అంతా ఉండేది: దంచిన మాల్టును, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, వేణ్నీళ్ళలో నానబెట్టే స్టీలు పీపా ఒకటి, దించిన రసంలో చేదు కోసం హాప్ పూలు వేసి మరిగించే పెద్ద బాన ఒకటి. నెలకు రెండు శనివారాలు బావాబావమరుదులిద్దరూ పొద్దున్నే అక్కడ చేరేవారు. రదోవాన్ ముక్కు గొప్పది. ఆవిరి వాసన చూసి ఏ నిమిషంలో ఏ పువ్వు వెయ్యాలో చెప్పగలడు. దాలిబోర్ ముక్కుకు అంతా ఉడుకుతున్న గడ్డి వాసనే.

మధ్యాహ్నం తిరిగి, రసం పులియడానికి చల్లటి కొట్లోకి వెళ్ళిపోయాక దాలిబోర్ వంతు వచ్చేది. పీపా నిండా తడి పిప్పి. బాన అడుగున మాడిన పొర, అంచు చుట్టూ గోటితో గీకినా ఊడని హాప్ జిగురు. అతను చొక్కా చేతులు మడిచి, నడుం దాకా బానలోకి వంగి తోమేవాడు. రదోవాన్ ఖాళీ సీసాల పెట్టె బోర్లించి, మగ్గు పట్టుకుని దాని మీద కూర్చునేవాడు.

ఆ గంటసేపూ దాలిబోర్ మాట్లాడేవాడు. ఊళ్ళో బట్టల మెషీన్లు బాగుచెయ్యడం అతని వృత్తి. వారమంతా వంద గడపలు తొక్కుతాడు. ఎవరింటి మెషీన్ జల్లెడలో కట్టుడు పళ్ళు దొరికాయి, ఏ ముసలమ్మ మెషీన్ బాగానే ఉన్నా ఎవరైనా వచ్చి పలకరిస్తారని నెలనెలా ఫోన్ చేస్తుంది, ఇలాంటివన్నీ మూటగట్టుకుని వచ్చి బానలో తల పెట్టి చెప్పేవాడు. బాన లోపలినుంచి గొంతు గంటలా మోగేది. బయట రదోవాన్ "ఊఁ" అనేవాడు, ఒక్కోసారి నవ్వేవాడు. ఆ గంట కోసమే దాలిబోర్ వారమంతా బతికేవాడంటే అబద్ధం కాదు. ఇంట్లో భార్య యార్మిలా, అంటే రదోవాన్ అక్క, టీవీ ముందు కూర్చుంటే పిలిచినా పలకదు.

మొన్న వేసవిలో అతని నడుం పట్టేసింది. ఇకమీదట వంగొద్దు, బరువులెత్తొద్దు అని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. దాలిబోర్‌కు నడుం కంటే ముందు గుండె కలుక్కుమంది. కడగలేనివాడికి ఆ గదిలో ఇక పనేముంది? రుచి తెలియదు, వాసన తెలియదు. ఊరికే వెళ్ళి కూర్చుంటే బావమరిది కాదనడు, కానీ ఊరికే కూర్చోవడం అతని ఒంటికి పడదు. అందుకని రెండు నెలలు కష్టపడి మెషీన్ చేశాడు. పారేసిన గిన్నెలు కడిగే మెషీన్ నుంచి పంపూ, గిరగిరా తిరుగుతూ నీళ్ళు చిమ్మే రెక్కా పీకాడు. బట్టల మెషీన్ నుంచి నీళ్ళ వాల్వులూ, తిప్పుడు మీటా తెచ్చాడు. మూతకు రెక్క బిగించి, మీట ఒక్కసారి తిప్పితే చాలు: ముందు చన్నీళ్ళు, తర్వాత వేడి సోడా నీళ్ళు, మళ్ళీ నీళ్ళు, ఆపైన నిమ్మ ఉప్పు నీళ్ళు, చివరికి మంచి నీళ్ళు. గొట్టం మారిస్తే పీపా కూడా అంతే. పంపు రబ్బరు ఎప్పుడు మార్చాలో తెలియడానికి, బానా పీపా కలిపి ఒక విడత కడగడం పూర్తయినప్పుడల్లా ఒక అంకె తిరిగే చిన్న మీటరు కూడా పెట్టాడు. పీపాలో పిప్పి తోడడం ఒక్కటే దానికి చేతకాదు. ఆ పని తను చూసుకుంటానని రదోవాన్ మాటిచ్చాడు.

మొదటిసారి మూత తీసి చూస్తే బాన అద్దంలా ఉంది. రదోవాన్ బావ చేతులు రెండూ పట్టుకుని ఊపేశాడు. ఆ రోజూ, ఆ తర్వాత శనివారమూ దాలిబోర్ కూడా ఒక పెట్టె బోర్లించుకుని బావమరిది పక్కనే కూర్చున్నాడు. మెషీన్ పని మెషీన్ చేసింది, అతను నోరారా మాట్లాడాడు. అంత సుఖం అతను ఎన్నడూ ఎరగడు.

తర్వాతి శనివారం తనకు జలుబని, ముక్కు పనిచెయ్యడం లేదని రదోవాన్ ఫోన్ చేశాడు. పాపమని దాలిబోర్ వెల్లుల్లి చారు కాచి, సీసాలో పోసి యార్మిలా చేత పంపాడు. ఆ తర్వాత మాల్టు రాలేదన్నాడు. ఆపైన తను నడిపే దుకాణంలో సరుకు లెక్క ఉందన్నాడు. ఆరు వారాలు గడిచాయి. దాలిబోర్ అన్నీ నమ్మాడు. పద్నాలుగేళ్ళు కలిసి పనిచేసినవాడి మాట ఎవరు నమ్మరు?

వాడకపోతే పంపు రబ్బరు ఎండి పగులుతుందని ఒక మంగళవారం గుర్తొచ్చింది. తాళంచెవి అతని దగ్గర ఎప్పుడూ ఉంటుంది. వెళ్ళి మూత విప్పబోతూ మీటరు చూశాడు. చేసేటప్పుడు పరీక్షగా తిప్పినవీ కలిపి తొమ్మిది దగ్గర వదిలి వెళ్ళాడు. ఇప్పుడు పదిహేను. చెడిపోయిందేమోనని గోటితో తట్టాడు. మీటరు చెడలేదు. ఆరు వారాలు, ఆరు విడతలు. తల ఎత్తితే మేకుకు యార్మిలా నీలం ఏప్రన్ వేలాడుతోంది, దాని అంచున ఎండిన పిప్పి. యార్మిలా ఈ శరత్కాలమంతా ప్రతి గురువారం చర్చి పాటల సాధన అని మూడింటికి వెళ్ళి ఏడింటికి వస్తోంది. రదోవాన్ దుకాణానికి సెలవు గురువారమే.

రబ్బరు మార్చకుండానే తాళం వేసి వచ్చేశాడు. రెండు రోజులు ఇంట్లో ఏమీ అనలేదు. తను పొరబడ్డానని ఎవరైనా చెబితే బాగుండునని కాచుకున్నాడు. గురువారం యార్మిలా వెళ్ళిన గంటకు తనూ బయల్దేరాడు.

తలుపు తోసేసరికి అక్కాతమ్ముళ్ళిద్దరూ పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. బాన మీద మూత ఉంది, పంపు సన్నగా పాడుతోంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. హాయిగా మగ్గులు పట్టుకుని కిటికీలోంచి చూస్తున్నారు.

ముందు యార్మిలా లేచింది. "నీ నడుం కోసమేనయ్యా," అంది. "పిప్పి తోడుతుంటే నువ్వు చూస్తూ ఊరుకోవు. ఎగబడి పార అందుకుంటావు. చెబితే వింటావా?"

ఆ మాట దాలిబోర్ నమ్మాడు. అందులో నిజం లేకపోలేదు. అతను బావమరిది వైపు తిరిగాడు.

"నడుం సంగతి మీ అక్కకు దిగులురా, సరే. మరి నువ్వెందుకు దాచావు? పార ముట్టుకోనని ఒట్టేయించుకుని పెట్టె మీద కూర్చోబెట్టొచ్చుగా."

రదోవాన్ మగ్గు నేల మీద పెట్టాడు. అబద్ధం ఆడినా దాలిబోర్ సంతోషంగా నమ్మేవాడే. కానీ దొరికిపోయినవాడికి ఒక్కోసారి నిజం చెప్పెయ్యాలన్న కసి పుడుతుంది.

"నువ్వు ఆపకుండా మాట్లాడతావు బావా. పద్నాలుగేళ్ళు విన్నాను. నువ్వు కడుగుతున్నావు కాబట్టి విన్నాను. నోరు మూసుకుని కడిగేది ఇప్పుడు ఒకటుందిగా."

దాలిబోర్ యార్మిలా వైపు చూశాడు. ఆమె తమ్ముణ్ణి తిట్టలేదు. తల దించుకుని ఏప్రన్ మీది పిప్పి దులుపుకుంది. బావమరిది మాట కంటే ఆ దులుపుకోవడమే అతన్ని ఎక్కువ కోసింది. బానలోంచి వినబడిన ఆ "ఊఁ"లన్నీ కడుగుడు కూలి అని అతనికి అప్పుడర్థమైంది. తన చోటు నిలుపుకుందామని చేసిన మెషీన్‌తోనే తన చోటు పోగొట్టుకున్నాడు. తలుపు దగ్గరగా వేసి వచ్చేశాడు.

పది రోజుల తర్వాత పంపు మొరాయించింది. మార్చని రబ్బరు పగిలి నీళ్ళన్నీ నేలపాలయ్యాయి. రదోవాన్ టోపీ చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చాడు. దాలిబోర్ ఎదురు చెప్పలేదు. పనిముట్ల పెట్టె తీసుకుని వెంట నడిచాడు. గదిలో మోకాళ్ళ మీద కూర్చుని, అరగంటలో పంపు విప్పి, రబ్బరు మార్చి, బిగించాడు. పెదవి విప్పలేదు. ఆ నిశ్శబ్దం రదోవాన్ ఎక్కువసేపు భరించలేకపోయాడు. మగ్గు నింపి పక్కన పెట్టాడు, పెట్టె బోర్లించి దగ్గరకు జరిపాడు.

"ఏదో కోపంలో అన్నాను. ఊళ్ళో విశేషాలేమిటి బావా? ఆ కట్టుడు పళ్ళావిడ మళ్ళీ పిలిచిందా?"

దాలిబోర్ చేతులు తుడుచుకుని లేచాడు. ఊళ్ళో పరాయి గడపలో ఎలా మాట్లాడతాడో అలాగే మర్యాదగా మాట్లాడాడు.

"రబ్బరు మార్చానండీ. సోడా కాస్త తగ్గించి వాడండి. మళ్ళీ కారితే మా రిపేరు కొట్టుకు ఫోన్ చెయ్యండి, ఇంకెవరినైనా పంపిస్తారు."

మగ్గు ముట్టుకోలేదు. తాళంచెవి కిటికీ గట్టు మీద పెట్టి బయటికి వచ్చాడు. వీధి మలుపు తిరిగాక పెట్టె కింద పెట్టి, గోడకు ఆనుకుని ఏడ్చాడు.