అమ్మ పేరు మీద జబ్బు

మొగుడికి బాత్‌రూమ్‌లో నీళ్లు సరిగ్గా పోసే అలవాటు లేదు. పన్నెండేళ్లుగా ఆయన వెనకాలే వెళ్లి కడగడం ఆమె వంతు. ఆ దిక్కుమాలిన చాకిరీయే ఇవాళ ఆమె కళ్లు తెరిపించింది. నాలుగు రోజులుగా ఆయన ఒంటేలులో ఎరుపు లేదు.

"క్షయ మాత్రలు పడితే ఒంటేలు ఎర్రగా వస్తుందమ్మా, బెదిరిపోకండి. ఆరు నెలలు ఒక్కరోజు తప్పకూడదు. మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుంది, మళ్లీ ఈ మందులకి లొంగదు" అని నర్సమ్మ చెబుతున్నప్పుడు ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. విన్నది ఈమె ఒక్కతే. ఇప్పటికి మూడు నెలలు. దగ్గు పోయింది, చెంపలు నిండాయి, లెక్కల మాస్టారి గొంతు బడిలో మళ్లీ మూడు గదులకి వినిపిస్తోంది.

ఆ మాస్టారి పరువు కోసమే కదా ఇంత నాటకం! "జబ్బు నీకని చెబుదాం. నీకేం పోయింది, ఇంట్లో పడి ఉండేదానివి" అన్నాడు మొదట్లోనే. అత్తగారు వంత పాడింది. ఇంట్లో పడి ఉండేదట! వీధిలో సగంమంది బట్టలు కుట్టింది ఈ చేతులు కాదూ? ఇప్పుడు ఒక్క గుడ్డముక్క గుమ్మం తొక్కడం లేదు. అదైనా దిగమింగింది గానీ, కూతురి సంగతే మింగుడు పడలేదు. ఏడేళ్ల పిల్ల, తండ్రి బడిలోనే చదువుతోంది, నోట్లో నువ్వుగింజ నానదు. అందుకని దానికీ ఆ అబద్ధమే చెప్పారు. అమ్మ దగ్గరికి వెళ్లకమ్మా అని నానమ్మ దాన్ని నాన్న పక్కలో పడుకోబెట్టింది. మందులు సరిగ్గా పడుతున్నాయి, ఇక అంటుకునే భయం లేదని నర్సమ్మ అన్నాక ఈమె గుండె రాయి చేసుకుని ఊరుకుంది.

ఆయన అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు.

"మాత్రలు మానేశారా?"

"తగ్గిపోయిందిగా. వేడి చేస్తున్నాయి."

"తగ్గినట్టు ఉంటుందంతే. నర్సమ్మ ముందే చెప్పింది. పక్కలో పిల్ల పడుకుంటోందండీ!"

"నువ్వేమన్నా డాక్టరువా? నీ కుట్టుపని నువ్వు చూసుకో."

"పొద్దున్నే మగాణ్ణి నిలదీస్తావేంటే?" అంది అత్తగారు లోపల్నుంచి.

ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మూడు నెలలు నోరు కుట్టేసుకున్నది ఆయన బాగుపడతాడని. బాగుపడటమే అక్కర్లేనివాడి కోసం ఇంకా ఎందుకు మొయ్యాలి ఈ నింద?

పిల్ల సంచీ తగిలించుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆమె వెళ్లి ఎదురుగా కూర్చుంది. పిల్ల అలవాటుగా రెండడుగులు వెనక్కి వేసింది.

"నాకు జబ్బు లేదమ్మా. ఎప్పుడూ లేదు. ఉన్నది నాన్నకి. మందులు వేసుకుంటే తగ్గిపోతుంది, కానీ వేసుకోవడం మానేశారు. ఇవాళ్టి నుంచి నువ్వు నా దగ్గరే పడుకో."

"పిల్లతో ఏం వాగుతున్నావే! అది బడిలో అందరికీ చెప్పేస్తుంది!" దువ్వెన పట్టుకునే ఉరికి వచ్చాడాయన.

పిల్ల తలెత్తి తండ్రిని చూసింది. "నిజమా నాన్నా?"

ఆయన మళ్లీ అద్దం వైపు తిరిగాడు.

"నిజమే తల్లీ," అంది ఆమె. "బడిలో ఎవరడిగినా ఇలాగే చెప్పు."